పది హార్ట్‌లు నిండాక ఏం జరగాలి?

ఈ కేస్ రాయడానికి దంపతులిద్దరూ ఒప్పుకున్నారు. అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే: “అన్నీ మార్చేయండి మేడమ్, మల్లెపూల సంగతి మాత్రం మార్చకండి.” అందుకని వయసులు, ఉద్యోగాలు, వీధులు కొంచెం అటూ ఇటూ చేశాను. మల్లెపూలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పేర్లు పెట్టడం లేదు. పెళ్లిచూపుల్లో అన్నట్టు అబ్బాయి, అమ్మాయి అనే రాస్తాను.

వచ్చిన కారణం

విజయవాడ సూర్యారావుపేటలోని నా క్లినిక్‌కి మొదటిసారి ముగ్గురు వచ్చారు. అబ్బాయి, అమ్మాయి, అబ్బాయి తల్లి. కార్తీకమాసం చివరి రోజులు. చేతిలో గైనకాలజిస్ట్ రాసిచ్చిన చీటీ ఉంది. పెళ్లయి ఎనిమిది నెలలైందని, ఇంతవరకు కలయిక జరగలేదని, అమ్మాయికి శారీరకంగా ఏ లోపమూ లేదని, దగ్గరయ్యే ప్రయత్నం చేసినప్పుడల్లా భయంతో కండరాలు బిగుసుకుపోతున్నాయని అందులో ఉంది. అబ్బాయి యూరాలజిస్ట్ రిపోర్టులూ నార్మలే.

మాట్లాడింది మాత్రం తల్లే. జాతకాలు మళ్లీ చూపించారు, శాంతి చేయించారు, బంధువుల్లో ఎవరు ఫోన్ చేసినా “విశేషం ఏమైనా ఉందా?” అని అడుగుతుంటే తల తీసేసినట్టు ఉందని చెప్పింది. నేను సైకాలజిస్టునే, డాక్టర్ని కాదని రెండుసార్లు చెప్పాను. ఆమె పట్టించుకోలేదు. “చదువుకునే రోజుల నుంచీ ఆ కంప్యూటర్ ఆటలే డాక్టరమ్మా. వాటిల్లో ఆడపిల్లల బొమ్మలుంటాయి. వీడు ఆ బొమ్మలతో కాపురం చేస్తున్నాడు, ఇంట్లో పిల్లతో కాదు.”

ఆమెని బయట హాల్లో కూర్చోబెట్టి టీ చెప్పాను. తలుపు వేశాక చాలాసేపు ఆ గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇంటి సంగతులు

అబ్బాయికి 30. హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో ఎక్కువ రోజులు పటమటలో ఇంటి నుంచే పని. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు. అబ్బాయిలకి ఒక క్యాంపస్, అమ్మాయిలకి ఒక క్యాంపస్. పదో తరగతిలో పునరుత్పత్తి పాఠం వచ్చినప్పుడు సారు “ఇది మీరే చదువుకోండ్రా” అని పేజీలు తిప్పేశారట. ఇది నేను వినే ప్రతి రెండో కేసులోనూ ఉంటుంది. ఆడపిల్లలతో మాట్లాడటం ఇంజినీరింగ్‌లో మొదలైంది, అదీ ల్యాబ్ రికార్డుల కోసం. గేమ్స్ హాస్టల్లో అలవాటయ్యాయి.

అమ్మాయికి 26. సొంతూరు గుంటూరు, బ్రాడీపేట. మంగళగిరిలో బ్యాంకు ఉద్యోగం. పెళ్లికి ముందు ఇద్దరూ నాలుగు నెలలు ఫోన్లో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారంటే ఆఫీసు, సినిమాలు, పెళ్లి షాపింగ్. శరీరం గురించి, పిల్లల గురించి, భయాల గురించి ఒక్క మాటా లేదు.

శోభనం రాత్రి ఆమెకి నొప్పి వచ్చింది. “వద్దు” అంది. అతను వెంటనే ఆగిపోయాడు. అది ఇద్దరూ విడివిడిగా, ఒకే రకంగా చెప్పారు. ఈ కేసులో నాకు ధైర్యం ఇచ్చిన విషయం అదే. బలవంతం ఉన్న చోట నేను దంపతుల కౌన్సెలింగ్ మొదలుపెట్టను.

విడిగా మాట్లాడినప్పుడు అమ్మాయి అన్న మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను: “ఆయన మంచివారే మేడమ్. కానీ మంచితనానికి లెక్క రాసుకుంటున్నారు.”

మాట వరసకి అంటోందనుకున్నాను. కాదు. ఫోన్ తీసి ఫోటో చూపించింది.

షీట్

దీపావళికి ముందు రైలు టికెట్ బుక్ చెయ్యడానికి అతని ల్యాప్‌టాప్ తెరిస్తే కనిపించిందట. గూగుల్ షీట్. తేదీ, ఏం చేశాను, రియాక్షన్, మార్కులు: నాలుగు నిలువు వరుసలు. కొన్ని వరుసలు ఇక్కడ ఇస్తున్నాను.

మంగళగిరి చీర, ప్లస్ 5. ఆత్రేయపురం పూతరేకులు, ప్లస్ 2, సగం అమ్మకి ఇచ్చేసింది. భవానీ ద్వీపం, ప్లస్ 4, ఎండ ఎక్కువైంది. అడగకుండానే గుంటూరు తీసుకెళ్లడం, ప్లస్ 8. మల్లెపూలు, ప్లస్ 3. వారం తర్వాత మళ్లీ మల్లెపూలు, సున్నా. ఇంకో వారానికి మల్లెపూలు, మైనస్ 2, తలనొప్పి అంది.

అడుగున మొత్తం 61. దాని పక్క గడిలో 70, దాని తర్వాత ఒక ప్రశ్న గుర్తు.

“ఆ ప్రశ్న గుర్తు చూశారా? 70 వస్తే నేనేం చెయ్యాలి?” అంది. ఏడవలేదు. ఫోటోని వేళ్లతో పెద్దది చేసి మళ్లీ చూపించింది.

ఆ వేసవి ఎలా గడిచిందో తర్వాత చెప్పింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అతను బీసెంట్ రోడ్డు నుంచి పూలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేవాడు. ఫ్రిజ్ తలుపు తియ్యగానే వాసన. ఆ వాసనతో ఆమెకి కడుపులో తిప్పేది. ఈ రాత్రి అడుగుతారన్నమాట, అనుకునేది. అన్నం సరిగ్గా తినేది కాదు. “మల్లెల సీజన్ అయిపోయిందని సంతోషించిన ఆడదాన్ని విజయవాడ మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.”

అతన్ని అడిగితే బుర్ర వంచుకుని కూర్చున్నాడు. “ఆమెకి ఏది ఇష్టమో తెలుసుకుందామనే రాశాను మేడమ్. నేరుగా అడిగితే బాధపడుతుందేమో అని.” అతను అబద్ధం చెప్పడం లేదు. ఎనిమిది నెలలు ఒక మనిషిని శ్రద్ధగా గమనించాడు. ఆ శ్రద్ధే ఆమెని భయపెట్టింది.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా గురించి చెప్పుకోవాలి. తల్లి చెప్పిన మాట నాకు తెలియకుండానే నా బుర్రలోకి ఎక్కింది. ఆటలు, ఆడపిల్లల బొమ్మలు, ఇంకేముంది. రెండు సెషన్లు అతన్ని అశ్లీల గేమ్స్ గురించీ వీడియోల గురించీ తిప్పి తిప్పి అడిగాను. అందరు అబ్బాయిల్లాగే కొంత చూశాడు. అది దాచలేదు, అందులో మునిగిపోనూ లేదు. అయినా నేను ఒక నెల గేమ్స్ అన్నీ తీసేయమన్నాను. తల్లి చాలా సంతోషించింది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అతను బుద్ధిగా తీసేశాడు. ఏమైందంటే, రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర వరకు హాస్టల్ స్నేహితులతో ఆడుకునే టైమ్ ఖాళీ అయింది. ఆ గంటన్నర అతను మంచం మీద ఆమె పక్కన, ఏమీ చెయ్యకుండా, ఆశగా కూర్చునేవాడు. ఆమె టెన్షన్ రెట్టింపైంది. మూడో వారానికి ఆమె వంటింట్లోనే పదకొండు దాకా గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

గేమింగ్ వ్యసనమా అన్నది మొదటి రోజే పద్ధతిగా చూసి ఉంటే సరిపోయేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గేమింగ్ డిజార్డర్‌కి గుర్తులు స్పష్టంగా ఉన్నాయి: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. మామూలుగా ఇదంతా ఏడాది పాటు కొనసాగి, చదువో ఉద్యోగమో సంబంధాలో దెబ్బతినాలి. ఇతనికి వీటిలో ఏదీ లేదు. ఉద్యోగం బాగుంది, నిద్ర బాగుంది, తీసెయ్యమంటే ఒక్క రోజులో తీసేశాడు. ఎంత ఆడుతున్నాడన్నది అడిగి ఊరుకున్నాను. ఏం ఆడుతున్నాడో, అందులో ప్రేమ ఎలా నడుస్తుందో అడగలేదు.

అతను నాకు చెప్పిన పాఠం

నాలుగో సెషన్‌కి ల్యాప్‌టాప్ తెమ్మన్నాను. “మీ ఆటలు నాకు నేర్పించు” అన్నాను. అతని మొహంలో వెలుగు ఆ గదిలో మొదటిసారి చూశాను. అమ్మాయి కూడా పక్కనే కూర్చుంది.

మొదట స్టార్‌డ్యూ వ్యాలీ తెరిచాడు. 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే ఒక్కడే కూర్చుని తయారుచేశాడు. పల్లెటూళ్లో పొలం చేసుకునే ఆట, గనుల్లో రాక్షసుల్ని కొట్టడం తప్ప హింస లేదు, అశ్లీలం లేదు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఊళ్లో పెళ్లికి సిద్ధంగా పన్నెండు మంది ఉంటారు. ప్రతి ఒక్కరి పేరు పక్కనా హార్ట్‌లు. ఒక్కో హార్ట్‌కి 250 పాయింట్లు. పలకరిస్తే 20, బాగా ఇష్టమైన కానుక ఇస్తే 80, ఇష్టం లేనిది ఇస్తే తగ్గుతాయి. వారానికి రెండు కానుకలే ఇవ్వాలి. పుట్టినరోజున ఇస్తే ఎనిమిది రెట్లు. ఎనిమిది హార్ట్‌లు నిండితే పూలగుత్తి ఇవ్వచ్చు. పది నిండితే, వాన కురిసే రోజు సముద్రం ఒడ్డున ఒక ముసలాయన దగ్గర 5000కి లాకెట్ కొని ఇవ్వాలి. మూడు రోజుల్లో పెళ్లి.

ఇతను ఆటలో పెళ్లి చేసుకున్న అమ్మాయి లేయా, బొమ్మలు చెక్కుతుంది. “సెలూన్‌లో సాలడ్ కొని ఇస్తూ వెళ్లాను మేడమ్, అదంటే ఆమెకి చాలా ఇష్టం” అన్నాడు. సెలూన్‌లో సాలడ్ ఏమిటయ్యా అన్నాను. మన సెలూన్ కాదట, అక్కడ మందూ భోజనమూ అమ్మే చోటట. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు మీదే అమ్మాయి అడిగింది.

“ఈ లేయా వద్దు అంటుందా?”

“అంటుంది. హార్ట్‌లు తక్కువున్నప్పుడు పూలు ఇస్తే తీసుకోదు.”

“నిండాక?”

అతను నోరు తెరిచాడు, మూశాడు. “నిండాక అనదు.”

అమ్మాయి ఇంకేమీ అనలేదు. అతను స్క్రీన్ వంక చూస్తూ ఉండిపోయాడు. చాలాసేపటికి, “70 అందుకే రాశాను కదా” అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

ఆ సంక్రాంతి సెలవుల్లో నేను మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నాను. కొంత అబ్బాయి చెప్పినది, కొంత నేను చూసినది కలిపి అర్థమైంది ఏమిటంటే, ఈ లెక్క ఒక్క ఆటది కాదు. జపాన్‌లో 1994లో కొనామి కంపెనీ తెచ్చిన టోకిమెకి మెమోరియల్‌లోనే అది ఉంది. స్కూల్లో అమ్మాయిల్ని మెప్పించాలి, ఎవరినైనా పట్టించుకోకపోతే ఆమె పేరు దగ్గర బాంబు గుర్తు వస్తుంది, అది పేలితే మిగతా అమ్మాయిల దగ్గరా పరువు పోతుంది. 2007 నాటి ది విచర్‌లో హీరో ఎవరితోనైనా గడిపితే ఆమె బొమ్మ ఉన్న కార్డు చేతికొస్తుంది, మా తమ్ముళ్లు చూయింగ్‌గమ్‌లో వచ్చిన క్రికెటర్ల కార్డులు పోగేసినట్టు. అదే ఏడాది వచ్చిన మాస్ ఎఫెక్ట్‌లో కథంతా సరైన మాటలు ఎంచుకుంటూ వస్తే, ఆఖరి పోరాటానికి ముందు రాత్రి పడకగది దృశ్యం బహుమానంగా వస్తుంది. కాసేపు నీడలు, తర్వాత చీకటి, తర్వాత యుద్ధం.

గొడవలు జరిగినవన్నీ దృశ్యాల మీదే. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో దాచిపెట్టిన శృంగార ఘట్టం 2005లో బయటపడితే అమెరికాలో ఆ గేమ్‌కి పెద్దలకు మాత్రమే అన్న రేటింగ్ ఇచ్చారు. మాస్ ఎఫెక్ట్ మీద 2008 జనవరిలో ఫాక్స్ న్యూస్ చర్చ పెట్టింది. అదే శాన్ ఆండ్రియాస్‌లో గర్ల్‌ఫ్రెండ్‌ని బయటికి తీసుకెళ్లే కొద్దీ ఒక శాతం పెరుగుతూ ఉంటుంది. అది దాచినది కాదు, ఆట కొన్న అందరికీ కనిపించేదే. మా క్లినిక్‌లో కాపురాన్ని ఆపింది ఆ శాతం లాంటిదే. దృశ్యం కాదు.

అన్ని ఆటలూ ఇలాగే ఉంటాయని మాత్రం అనను. 2015లో వచ్చిన విచర్ మూడో భాగంలో హీరో ఇద్దరు ఆడవాళ్లకీ మాటిస్తే, ఇద్దరూ కలిసి అతన్ని మంచానికి కట్టేసి వెళ్లిపోతారు. ఇది వినగానే అమ్మాయి గట్టిగా నవ్వింది. అయినా గేమ్స్‌ని ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. కాదన్న అమ్మాయి వెంట మూడు పాటలు తిరిగితే నాలుగో పాటకి ఒప్పుకుంటుందని మన సినిమాలు నేర్పినంత ఏ గేమూ నేర్పలేదు. ఇతను కనీసం వద్దంటే ఆగాడు.

నా అంచనా

అమ్మాయి వైపు: మొదటి రాత్రి నొప్పి, ఏం జరుగుతుందో ఎవరూ చెప్పకపోవడం, అత్తగారింట్లో పలచటి గోడలు. గైనకాలజిస్ట్ చెప్పిన బిగుతు నిజమైనదే, భయంతో వచ్చినది. దాని మీద కానుకలు పడ్డాయి. ప్రతి కానుకా ఒక అడ్వాన్సులా కనిపించింది. తీసుకుంటే బాకీ పడినట్టు, తీసుకోకపోతే మొండిదాన్నన్నట్టు.

అబ్బాయి వైపు: ఆడమనిషి మనసు తెలుసుకోవడానికి అతనికి దొరికిన ఒకే ఒక్క బడి ఆ ఆటలు. అక్కడ మనసు ఎప్పుడూ పైకి కనిపిస్తుంది, గీత రూపంలో. సరైన మాట అంటూ ఒకటి ఉంటుంది, తప్పు మాట అంటే ముందు సేవ్ చేసుకున్న చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టచ్చు. పడకగది ఆఖర్న వస్తుంది, రాగానే తెర చీకటవుతుంది. తెర చీకటయ్యాక మొదలయ్యే పని, అంటే నొప్పి వస్తే ఏం చెయ్యాలి, భయపడితే ఎలా ఆగాలి, ఆగాక ఏం మాట్లాడాలి, అది ఏ ఆటలోనూ అతనికి కనిపించలేదు. ఇంట్లోనూ, బడిలోనూ కనిపించలేదు.

ఇద్దరి మధ్య చక్రం సులువుగానే కనపడింది. ఆమె వెనక్కి తగ్గితే అతను పాయింట్లు తగ్గాయనుకుని ఇంకో కానుక తెస్తాడు. అది చూసి ఆమె ఇంకా వెనక్కి తగ్గుతుంది.

చికిత్స

గైనకాలజిస్ట్ అమ్మాయికి కండరాలు వదులు చేసుకునే వ్యాయామాలు నేర్పారు, అవి రోజూ పది నిమిషాలు. నా వైపు నుంచి సెన్సేట్ ఫోకస్ మొదలుపెట్టాను. విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో ప్రచురించిన పద్ధతి ఇది. యాభై ఏళ్లు దాటినా ఇలాంటి కేసుల్లో నాకు ఇంతకన్నా పనికొచ్చేది దొరకలేదు. ముందు కలయికని పూర్తిగా నిషేధిస్తాం. తర్వాత వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు, ఒకరు తాకుతారు, ఇంకొకరు తాకించుకుంటారు. చేతులు, వీపు, పాదాలు, జుట్టు. రొమ్ములు, జననాంగాలు మొదట్లో పూర్తిగా పక్కన. ఎదుటివాళ్లని సంతోషపెట్టడం పని కాదు. తన చేతికి ఏం తెలుస్తోందో గమనించడమే పని. వేడిగా ఉందా, గరుగ్గా ఉందా, అంతే.

నిషేధం అనగానే అమ్మాయి భుజాలు దిగాయి. అబ్బాయి బెంగపడతాడనుకున్నాను. కానీ, “ఆస్టారియన్ కూడా ఇదే అడుగుతాడు మేడమ్” అన్నాడు. బాల్డర్స్ గేట్ 3లో ఒక పాత్రట, 2023లో వచ్చిన గేమ్. రెండు వందల ఏళ్లు బానిసగా ఉండి, యజమాని కోసం మనుషుల్ని వలపుతో లాక్కొచ్చే పని చేసినవాడు. కథలో నడిమికి వచ్చాక, మొదట నిన్ను వాడుకుందామనే దగ్గరయ్యానని ఒప్పుకుంటాడు, శరీర సంబంధమంటేనే తనకి అసహ్యంగా మారిందంటాడు. ఆటగాడు సరేనంటే పడక లేకుండానే వాళ్ల ప్రేమ సాగుతుంది. “అప్పుడు నేను సరేనన్నాను” అన్నాడు అబ్బాయి. అమ్మాయి అతని వంక కొత్తగా చూసింది. తల్లి తిట్టే బొమ్మల ఆటలోంచే ఈ మాట వచ్చింది.

అంతా సాఫీగా సాగలేదు. రెండో వారం తర్వాత అబ్బాయి నన్ను ఫోన్లో అడిగాడు: “ఇప్పుడు మేం ఏ స్టేజ్‌లో ఉన్నాం మేడమ్? మొత్తం ఎన్ని స్టేజ్‌లు?” నేను ఇచ్చిన కాగితం మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని దశలు అచ్చేసి ఉన్నాయి. అందరికీ అదే కాగితం ఇస్తాను. ఇతనికి అది ఇంకో షీట్ అయింది. అమ్మాయికి కూడా తెలుసు, నాలుగో దశ ఆఖర్న ఏముందో కాగితం మీదే రాసి ఉంది కాబట్టి. నిషేధం పెట్టానని నేను అనుకుంటుంటే, వాళ్లిద్దరూ నాలుగో దశ వైపు ఎదురు చూస్తున్నారు, ఒకరు ఆశగా, ఒకరు దిగులుగా.

కాగితం వెనక్కి తీసుకున్నాను. దశలు ఎన్నో చెప్పడం మానేశాను. ప్రతి వారం, ఆ వారం ఏం చెయ్యాలో నోటితో మాత్రమే చెప్పాను, అది కూడా అమ్మాయి ఒప్పుకున్నాక. కొన్ని వారాలు అదే పని మళ్లీ చెయ్యమన్నాను, బాగా జరిగినా సరే. అతనికి ఇది చాలా కష్టమైంది. “బాగా చేస్తే ముందుకి వెళ్లాలి కదా?” అని ఒకసారి అడిగాడు. వెళ్లక్కర్లేదన్నాను. అప్పటి నుంచి నేను దశల కాగితం ఏ జంటకీ ఇవ్వడం లేదు.

కానుకల మీద కూడా ఒక ఒప్పందం పెట్టాం. మూడు నెలలు ఏ కానుకా వద్దు. ఏడో వారం బందరు లడ్డు డబ్బా తెచ్చేశాడు. ఆమె చేతులు చల్లబడి, ఆ రాత్రి ఇరవై నిమిషాల పని జరగలేదు. ఎందుకు తెచ్చావంటే, ముందు రోజు ఆమె తనంతట తను అతని భుజం మీద తల పెట్టిందట. ఆ సంతోషంతో తెచ్చాడు. పాపం, సంతోషాన్ని ఇంకో రకంగా చెప్పడం అతనికి రాదు. “అదే మాట నోటితో చెప్పు” అన్నాను. నా ఎదురుగా చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. చెప్పినది ఇదీ: “నిన్న నువ్వు తల పెట్టినప్పుడు కదలకుండా కూర్చున్నాను, చెయ్యి తిమ్మిరెక్కింది.” అమ్మాయి, “చెప్పచ్చు కదా నువ్వు” అంది. అప్పటిదాకా నా గదిలో ఆమె అతన్ని మీరు అనే పిలిచింది. నోట్సులో ఆ నువ్వు కింద గీత గీసుకున్నాను.

అల్మరా

నేను అనుకోని మలుపు ఒక చిన్న ఫోన్ గేమ్ దగ్గర వచ్చింది. ఫ్లారెన్స్ అని, 2018 ఫిబ్రవరి 14న విడుదలైంది. అరగంట కొద్దిగా దాటితే అయిపోతుంది. ఫ్లారెన్స్ అనే అమ్మాయి, క్రిష్ అనే సెల్లో వాయించే కుర్రాడు, వాళ్ల ప్రేమ. మాటలుండవు. మొదటిసారి కలిసినప్పుడు మాట బుడగలు ముక్కలుగా ఉంటాయి, వాటిని జిగ్సాలా అతకాలి. చనువు పెరిగే కొద్దీ ముక్కలు తగ్గుతాయి, మాట్లాడటం తేలికవుతుంది. తగాదా వస్తే ముక్కలకి పదునైన కోణాలొస్తాయి. ఇందులో పాయింట్లు లేవు. చివరికి వాళ్లు విడిపోతారు. విడిపోతారని ముందే ఇద్దరికీ చెప్పి, ఆడతారా అని అడిగాను. ఆడతామన్నారు. ఒకే ఫోను, ఒకరి తర్వాత ఒకరు, నా గదిలోనే.

జిగ్సా దగ్గర చర్చ జరుగుతుందని నేను ప్రశ్నలు రాసి పెట్టుకున్నాను. వాటి అవసరం రాలేదు. క్రిష్ ఆమె ఇంట్లోకి మారే ఘట్టం ఒకటుంది. అతని సామాను అరల్లో పెట్టాలి, చోటు కోసం ఆమె వస్తువులు కొన్ని తీసి పెట్టెలో పెట్టాలి. ఫోను అప్పుడు అమ్మాయి చేతిలో ఉంది. ఒక వస్తువు తీసింది, మళ్లీ అరలో పెట్టింది. మళ్లీ తీసింది. ఆగిపోయింది.

“నా సామానంతా గుంటూరులోనే ఉండిపోయింది” అంది. “మీ గదిలో నాకు రెండు అరలు ఇచ్చారు. మిగతావాటిలో మీ ఇంటర్ పుస్తకాలున్నాయి.”

అబ్బాయి నిజంగా ఆశ్చర్యపోయాడు. షీట్‌లో నలభై వరుసలు రాసినవాడికి ఈ వరుస తట్టలేదు.

ఆ వారం ఇంటి పని మార్చాను. ఇరవై నిమిషాల తాకుడు పక్కన పెట్టి అల్మరా సర్దమన్నాను. ఇద్దరూ ఆదివారం గుంటూరు వెళ్లి ఆమె పుస్తకాలు, కుట్టు మిషను, డిగ్రీలో గెల్చుకున్న షటిల్ కప్పు తెచ్చారు. ఇంటర్ పుస్తకాలు పాతపేపర్ల అబ్బాయికి ఇచ్చేశారు. గది తలుపుకి లోపల గడియ సరిగ్గా పడటం లేదని కూడా అప్పుడే బయటపడింది. పెళ్లయిన దగ్గర్నుంచి అలాగే ఉందట. ఆమెకి అది రోజూ తెలుసు, అతనికి తెలియదు. వడ్రంగి వచ్చి పదిహేను నిమిషాల్లో సరిచేసి వెళ్లాడు.

పది సెషన్లు నేను భయాల గురించి, స్పర్శ గురించి మాట్లాడించాను. గడియ పడుతుందా అని ఒక్కసారీ అడగలేదు.

తల్లితో కూడా ఒక సెషన్ పెట్టాను, పొట్టిగానే. ఏం జరుగుతోందో చెప్పలేదు. రాత్రి ఎనిమిది దాటాక వాళ్ల గది తలుపు తట్టవద్దనీ, విశేషం అడిగేవాళ్లకి తనే సమాధానం చెప్పుకోవాలనీ మాత్రం కోరాను. ఆమెకి కోపం వచ్చింది. కానీ పాటించింది. వారానికోసారి నాకు ఫోన్ చేసి “ఆటలు మళ్లీ మొదలుపెట్టాడు డాక్టరమ్మా” అని చెప్పడం మాత్రం మానలేదు.

ఫలితం

మొత్తం 14 సెషన్లు, ఐదు నెలలు. పన్నెండో సెషన్‌కి ఇద్దరూ వచ్చి కూర్చుని, ఎవరు చెప్పాలా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనే అర్థం చేసుకుని నొప్పి ఉందా అని అడిగాను. “మొదట కొంచెం. ఆగమన్నాను, ఆగాడు. తర్వాత నేనే…” అని ఊరుకుంది. ఎన్నో తేదీ అని అబ్బాయిని అడిగి చూశాను, పరీక్షగానే. గుర్తులేదన్నాడు. నిజంగా గుర్తులేదో, నాకు చెప్పదల్చుకోలేదో, రెండూ మంచివే.

అన్నీ సరిపోయాయని కాదు. ఆమె అలిసిపోయి వచ్చిన రోజుల్లో బిగుతు ఇంకా వస్తుంది, అప్పుడు ఆగుతారు. ఏదైనా తేడా వస్తే అతను మొదట తన తప్పేమిటో వెతుక్కుంటాడు, గంటసేపు మౌనంగా ఉంటాడు, ఆ మౌనం ఆమెకి చిరాకు. దీని మీద ఇంకా పని ఉంది. షీట్‌ని అతను నా ముందు తెరిచి తీసెయ్యబోతే అమ్మాయే ఆపింది, ఉండనిమ్మంది.

ఏప్రిల్‌లో మంగళగిరి బస్టాప్‌లో ఆమే రెండు మూరల మల్లెలు కొని తెచ్చింది. ఒకటి అత్తగారికి, ఒకటి తనకి. అతను ఏమీ అనకూడదని గట్టిగా ఊరుకున్నాడట. “ఏమైనా అనచ్చు కదా” అని ఆమే పోట్లాడిందట.

జులైలో ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు తెలిసింది, ఇద్దరూ స్టార్‌డ్యూ వ్యాలీ ఒకే పొలంలో కలిసి ఆడుతున్నారు. రాత్రి తొమ్మిది నుంచి పది. అందులో ఇద్దరు ఆటగాళ్లు పెళ్లి చేసుకోవాలంటే హార్ట్‌లూ లాకెట్టూ పనికిరావు. ఇరిడియం కడ్డీలు ఐదు, గనుల్లో ఎప్పుడో గానీ దొరకని ప్రిస్మాటిక్ షార్డ్ ఒకటి సంపాదించి, ఉంగరం తనే తయారుచేసి ఇవ్వాలి. ఇచ్చాక అవతలివాళ్ల స్క్రీన్ మీద ఒప్పుకుంటారా అని ప్రశ్న వస్తుంది. అబ్బాయి మూడు వారాలు గనుల్లో తిరిగి ఉంగరం చేశాడు.

“ఇప్పటికి మూడుసార్లు ఇచ్చాను మేడమ్. మూడుసార్లూ వద్దు కొట్టింది.”

“నా టమాటాలు కోతకొచ్చాయి” అంది అమ్మాయి. “ఇప్పుడు పెళ్లేంటి?”